పట్టూ విడుపూ తెలిసిన ఇనుప వేళ్ళు

నేలమీద పరిచి ఉన్న గడ్డిని చేత్తో ఎత్తి బుట్టలో వెయ్యమంటే మీరేం చేస్తారు? వేళ్ళు చాచి గడ్డి అడుగుకు పోనిస్తారు. వేళ్ళు కొంచెం వంచి పైకెత్తుతారు. బుట్ట దగ్గరకు రాగానే వేళ్ళు విప్పి చెయ్యి వెనక్కు తీసుకుంటారు. ఇంత చిన్న పనిలో ఆలోచించవలసింది ఏముంది అనుకుంటున్నారా? ఒక్క క్షణం ఆగండి. వేళ్ళు విప్పడం మరచిపోతే ఏమవుతుంది? గడ్డి బుట్టలో పడదు. చేతితోపాటే వెనక్కు వచ్చేస్తుంది!

అంటే పట్టుకోవడం సగం విద్య మాత్రమే. సరైన చోట విడిచిపెట్టడం మిగతా సగం. మన చేతికి ఈ సంగతి మెదడు చెబుతుంది. మెదడు లేని యంత్రానికి ఎవరు చెప్పాలి? గడ్డిని మోపులు కట్టే బేలరు అనే యంత్రంలో ఈ సమస్యను ఎలా పరిష్కరించారో, అది పాడైతే ఎక్కడ పాడైందో ఎలా కనిపెట్టాలో ఈ నెల తెలుసుకుందాం.

గడ్డి దగ్గరకే వెళ్ళిన యంత్రం

కొడవలితో వరి కోసే రోజుల్లో పనలు కట్టి, నూర్చి, గడ్డిని వాము వేసేవారు. గడ్డి ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండేది. కోత మిషను వచ్చాక ధాన్యం ఒకవైపు బండిలోకి పోతుంది, గడ్డి మాత్రం మిషను వెనక బారులుగా మడిలోనే పడిపోతుంది. దాన్ని ఏరి తెచ్చే మనుషులు దొరకకపోతే కొందరు రైతులు అక్కడే నిప్పు పెడతారు. పశువుల నోటికి అందవలసిన మేత పొగైపోతుంది. అందుకే ఇప్పుడు తెలుగు జిల్లాల్లోనూ కోతలయ్యాక ట్రాక్టరు వెనక బేలరు కట్టుకుని మడి మడీ తిరగడం కనిపిస్తోంది.

ఈ యంత్రం పుట్టింది మాత్రం పశువులకు ఎండుగడ్డి దాచుకునే చలిదేశాల్లో. మొదట్లో గడ్డిని నొక్కే ప్రెస్సు ఒకచోట కదలకుండా ఉండేది. గడ్డిని బండ్లమీద అక్కడికి తోలి, పంగలకర్రలతో దాని నోట్లో వెయ్యాల్సి వచ్చేది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన ఎడ్విన్ నోల్ట్ అనే ఆయన, పొలంలో నడుస్తూ గడ్డిని తానే ఎత్తుకుని తానే దారంతో కట్టే యంత్రాన్ని తయారుచేశాడు. 1940లో న్యూ హాలెండ్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు గడ్డి యంత్రం దగ్గరకు వెళ్ళేది. ఇప్పుడు యంత్రమే గడ్డి దగ్గరకు వెళ్ళింది! అలా వెళ్ళాలంటే యంత్రానికి చేతులు కావాలి కదా. ఆ చేతుల పేరే ‘పికప్’.

పికప్‌లో ఏమేమి ఉంటాయి?

బేలరు ముందుభాగంలో, నేలకు దగ్గరగా, అడ్డంగా ఒక పొడవాటి రీలు తిరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ సాధారణంగా నాలుగో ఐదో ఇనుప కడ్డీలు ఉంటాయి. ఒక్కొక్క కడ్డీకి వరసగా ఉక్కు వేళ్ళు బిగించి ఉంటాయి. వీటిని టైన్లు అంటారు. ఒకే గట్టి ఉక్కుతీగను వంచి, దాని రెండు కొసలనూ రెండు వేళ్ళుగా వదిలి, మొదట్లో స్ప్రింగులాగా చుట్టలు చుడతారు. ఈ చుట్టలు ఎందుకు? రాయో గట్టో తగిలినప్పుడు వేలు విరగకుండా వంగి, మళ్ళీ నిలబడటానికి.

వేళ్ళ వరసల మధ్య సందుల్లో వంపు తిరిగిన రేకు పట్టీలు ఉంటాయి. వీటి పేరు స్ట్రిప్పర్లు. ఇవి తిరగవు, చట్రానికి బిగించి ఉంటాయి. వేళ్ళు ఈ పట్టీల సందుల్లోంచి బయటకు వచ్చి, గడ్డిని ఎత్తి, మళ్ళీ సందుల్లోంచే లోపలికి పోతాయి. రీలు మీద గడ్డి గాలికి ఎగిరిపోకుండా పైనుంచి కొన్ని సన్నటి కడ్డీలు నొక్కి పడతాయి. పికప్ నేలకు ఎంత ఎత్తులో ఉండాలో పక్కనున్న చిన్న చక్రాలు చూసుకుంటాయి.

రీలు ఏ వైపుకు తిరుగుతుందో ఊహించండి. ట్రాక్టరు చక్రాలు తిరిగే వైపుకా? కాదు, దానికి ఎదురుగా! రీలు ముందువైపున వేళ్ళు కిందనుంచి పైకి లేస్తాయి. పైభాగంలో వెనక్కు నడుస్తాయి. అక్కడ గడ్డిని యంత్రం నోటికి అందించి, కిందికి దిగి మళ్ళీ ముందుకు వస్తాయి.

విడిచిపెట్టడం నేర్పిన గాడి

ఇప్పుడు అసలు చిక్కు. వేళ్ళు బండి చక్రపు ఆకుల్లాగా బిగిసిపోయి ఉంటే, గడ్డిని ఎత్తుతాయి గానీ వెనకవైపు దిగేటప్పుడు దాన్ని కూడా కిందికి లాక్కుపోతాయి. రెండు నిమిషాల్లో రీలంతా గడ్డి చుట్టుకుని ఉండగా తయారవుతుంది. కాబట్టి ముందువైపు వేలు చాచి నిలబడాలి. వెనకవైపు మాత్రం పక్కకు ఈడవకుండా, గుచ్చిన సూదిని తీసినట్లు నిలువుగా బయటకు రావాలి.

ఈ పని చేసేది కామ్. మీ ఇంట్లోనో వీధిలోని దర్జీ దగ్గరో పాతరకం కుట్టుమిషను ఉంటే గమనించండి. సూదితోపాటు దారాన్ని లాగే ఒక మీట పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. లోపల ఒక వంకర గాడి ఉంటుంది. ఆ గాడిలో నడిచే చిన్న రోలరు మీటను ఆడిస్తుంది. గాడి వంకర ఎలా ఉంటే మీట ఆట అలా ఉంటుంది.

పికప్‌లో కూడా అంతే. రీలు ఒక చివర, కదలకుండా బిగించిన పళ్ళెంలో ఒక గాడి ఉంటుంది. అది పూర్తి గుండ్రంగా ఉండదు. ఒకచోట కేంద్రానికి దగ్గరగా, మరొకచోట దూరంగా పోతుంది. వేళ్ళ కడ్డీ ఒక్కొక్కదాని చివర ఒక చిన్న చెయ్యి, ఆ చేతి కొసన ఒక రోలరు ఉంటాయి. రీలు తిరుగుతుంటే రోలరు గాడి వెంట నడుస్తుంది. గాడి వంకర తిరిగినచోట చెయ్యి వంగుతుంది. చెయ్యి వంగితే కడ్డీ తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. దాంతో ఆ వరస వేళ్ళన్నీ ఒక్కసారిగా వాలిపోతాయి. ‘ఇక్కడ పట్టుకో, ఇక్కడ విడిచిపెట్టు’ అనే ఆజ్ఞ ఇనుములోనే రాసి ఉందన్నమాట!

కామ్ లేని పికప్‌లు కూడా ఉన్నాయి. వాటిలో గడ్డిని విడిపించే భారమంతా స్ట్రిప్పర్ల ఆకారం మీద పడుతుంది.

చేసి చూడండి: కొంచెం కొబ్బరిపీచు విడదీసి పరవండి. ఒక దువ్వెన పళ్ళను అందులో గుచ్చి, పక్కకు వాల్చి ఈడవండి. పీచంతా దువ్వెనతో వచ్చేస్తుంది. మళ్ళీ గుచ్చి, ఈసారి ఎడమచేతి వేళ్ళు ఎడంగా చాచి పీచు మీద ఆనించి ఉంచి, దువ్వెనను నిటారుగా పైకి తీయండి. పీచు చాలావరకు అక్కడే ఉండిపోతుంది. నిటారుగా తీయడం కామ్ పని. మీ ఎడమచేతి వేళ్ళు చేసింది స్ట్రిప్పర్ల పని.

రెండు వేగాల లెక్క

పికప్ బాగానే ఉన్నా గడ్డిని ఎత్తకుండా ముందుకు తోసుకుపోవచ్చు. ఎందుకో లెక్కవేసి చూద్దాం.

రీలు కేంద్రం నుంచి వేలి కొస దాకా 20 సెంటీమీటర్లు ఉందనుకోండి. రీలు నిమిషానికి 100 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక చుట్టులో వేలి కొస నడిచే దూరం 2 × 3.14 × 20, అంటే 125.6 సెంటీమీటర్లు. నిమిషానికి 125.6 మీటర్లు. సెకనుకు దాదాపు 2.1 మీటర్లు.

ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తోందనుకుందాం. సెకనుకు ఇంచుమించు 1.4 మీటర్లు. అంటే రీలు దగ్గరకు గడ్డి సెకనుకు 1.4 మీటర్ల చొప్పున వస్తోంది. వేళ్ళు దాన్ని 2.1 మీటర్ల చొప్పున తీసుకుపోగలవు. వచ్చేదాని కంటే పోయేది ఎక్కువ, కాబట్టి ఇబ్బంది లేదు.

డ్రైవరుకు తొందర పుట్టి గంటకు 8 కిలోమీటర్ల వేగం అందుకున్నాడనుకోండి. ఇప్పుడు గడ్డి సెకనుకు 2.2 మీటర్ల చొప్పున వచ్చిపడుతోంది. వేళ్ళ శక్తి 2.1 మాత్రమే. మిగిలిన గడ్డి ఎక్కడికి పోతుంది? పికప్ ముందు కుప్పపడి దొర్లుతుంది!

అప్పుడు ఏం చెయ్యాలి? ఇంజను వేగం తగ్గించాలని చాలామందికి తోస్తుంది. అది పొరపాటు. రీలును తిప్పేది కూడా ఆ ఇంజనే. ట్రాక్టరు వెనకనుంచి పి.టి.ఓ. అనే ఇరుసు ద్వారా బేలరుకు శక్తి వస్తుంది. ఇంజను నెమ్మదిస్తే రీలూ నెమ్మదిస్తుంది, సమస్య అలాగే ఉంటుంది. గేరు తగ్గించాలి. అప్పుడు ట్రాక్టరు నడక తగ్గుతుంది, రీలు వేగం మాత్రం తగ్గదు.

మడి చెప్పే సాక్ష్యం

వైద్యుడు నాడి చూసినట్లు, మంచి మెకానిక్ ముందుగా యంత్రాన్ని కాదు, యంత్రం వదిలివెళ్ళిన మడిని చూస్తాడు. మిగిలిన గడ్డి ఏ ఆకారంలో మిగిలిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది.

మడి పొడవునా ఒకేచోట సన్నటి గీతలాగా గడ్డి మిగిలిందా? పికప్‌లో ఆ గీతకు ఎదురుగా ఉన్న చోట వేళ్ళు విరిగిపోయాయి. 

ఒక పక్క బాగా ఎత్తి, రెండో పక్క వదిలేస్తోందా? పికప్ సమానంగా లేదు. పక్క చక్రాల్లో ఒకదాని ఎత్తు మారింది, లేదా బేలరు టైర్లలో ఒకదానికి గాలి తగ్గింది.

వెడల్పంతా పలచగా గడ్డి మిగిలిపోతోందా? పికప్ మరీ ఎత్తులో ఉంది, లేదా ట్రాక్టరు మరీ వేగంగా పోతోంది. 

వేళ్ళు నేలను గీరిన గుర్తులు, మోపుల్లో మట్టిపెళ్ళలు కనిపిస్తున్నాయా? పికప్ మరీ కిందికి దిగింది. వేలి కొస నేలను తాకకూడదు. ఒకటి రెండు అంగుళాలు పైన ఉంటే సాధారణంగా సరిపోతుంది. గడ్డి కొయ్యకాళ్ళ మీద ఆని ఉంటుంది కాబట్టి దాన్ని ఎత్తడానికి నేలను గీరవలసిన పనిలేదు. కచ్చితమైన కొలత ఆ యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

రీలుకు గడ్డి చుట్టుకుంటోందా? విడుపులో లోపం వచ్చింది. గడ్డి తడిగా ఉందేమో ముందు చూడాలి. పొడిగానే ఉంటే స్ట్రిప్పరు ఏదైనా వంగి సందు పెద్దదైందేమో, వేళ్ళు వంగాయేమో, కామ్ రోలరు అరిగిపోయి వేళ్ళు సమయానికి వాలడం లేదేమో చూడాలి.

చెవితో పరీక్ష

పికప్‌లోంచి టక్ టక్ మని చప్పుడు వస్తోంది. ఏది చెడిపోయింది? విప్పకుండానే కొంత చెప్పవచ్చు. దూరంగా నిలబడి చప్పుళ్ళు లెక్కపెట్టాలి, అంతే.

నాలుగు కడ్డీల రీలు నిమిషానికి 100 చుట్లు తిరుగుతోందనుకుందాం. చుట్టుకు ఒక్క చప్పుడు వస్తే మూడు సెకన్లలో ఐదు చప్పుళ్ళు వినిపిస్తాయి. దానర్థం ఏమిటి? తిరిగే నాలుగు కడ్డీల్లో ఒక్కదానికే ఏదో అయింది. దాని రోలరు బేరింగు పోయి ఉండవచ్చు, లేదా దాని వేలు ఒకటి వంగి స్ట్రిప్పరుకు కొట్టుకుంటూ ఉండవచ్చు.

అలా కాక మూడు సెకన్లలో ఇరవై చప్పుళ్ళు, అంటే ఎడం లేకుండా టకటకమని వస్తే? చుట్టుకు నాలుగు. నాలుగు కడ్డీలూ ఒకే చోటికి వచ్చి దేనికో తగులుతున్నాయి. కాబట్టి లోపం తిరిగే భాగంలో కాక, తిరగని భాగంలో ఉండే అవకాశం ఎక్కువ. స్ట్రిప్పరు ఒకటి లోపలికి వంగిందేమో, కామ్ గాడిలో ఒకచోట గుంట పడిందేమో చూడాలి. చూశారా, చిన్న భాగహారం ఎంత శ్రమ తప్పిస్తుందో!

మరో చప్పుడు ఉంది. గడ్డి ఎక్కువగా వచ్చినప్పుడు రీలు ఆగిపోయి, కర్రుమని శబ్దం వస్తుంది. అది చాలా యంత్రాల్లో ఉండే స్లిప్ క్లచ్చి జారే శబ్దం. ఇది మన ఇంట్లోని ఫ్యూజు లాంటిది. భారం హద్దు మీరితే తాను జారిపోయి, మిగతా భాగాలు విరగకుండా కాపాడుతుంది. ‘మాటిమాటికీ జారుతోంది’ అని దాన్ని గట్టిగా బిగించేయడం, ఫ్యూజు పోతోందని లావుతీగ వెయ్యడం వంటిదే. ఎందుకు జారుతోందో వెతకాలి. రీలులో గడ్డి ఇరుక్కుందా? బేరింగు పట్టేసిందా? అవేమీ కాకపోతే, క్లచ్చి పలకలే అరిగాయేమో అప్పుడు చూడాలి.

విరిగిన వేలు ఎక్కడికి పోయింది?

రీలు నిమిషానికి 100 చుట్ల చొప్పున రోజుకు 8 గంటలు తిరిగితే 48,000 చుట్లు. అంటే ఒక్కొక్క వేలూ రోజుకు 48,000 సార్లు గడ్డిని తాకి, కొద్దిగా వంగి, నిలబడుతుంది. ఒక ఇనుపతీగను అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి విరుగుతుంది కదా. లోహానికి కూడా అలసట ఉంది! కాబట్టి వేళ్ళు అప్పుడప్పుడు విరగడం సహజమే. విరిగిన వేలుతో రోజుల తరబడి నడపడమే తప్పు.

వేలు పోతే కొంచెం గడ్డి మిగులుతుంది, అంతేగా అనుకోకండి. విరిగిన ఉక్కుముక్క ఎక్కడికి పోయిందన్నది ముఖ్యమైన ప్రశ్న. గడ్డితోపాటు మోపులోకి పోయి ఉండవచ్చు. ఆ మోపును మేత నరికే యంత్రంలో పెడితే కత్తి విరగవచ్చు. లేదా ముక్కలై పశువు మేతలో కలవవచ్చు. ఆవులూ గేదెలూ మేతను మొదట సరిగా నమలకుండానే మింగేస్తాయి. మేకులు, తీగముక్కలు వంటి ఇనుము తేనెతుట్టెలాగా గదులుండే రెండో పొట్టలో చేరి ఉండిపోతుంది. ఆ పొట్టకు ముందు, ఒక పల్చటి కండరపు పొర అవతలే గుండె ఉంది! మొనదేలిన ముక్క పొట్టను చీల్చుకుని ముందుకు పోతే పశువు ప్రాణానికే ముప్పు. అందుకే పని మొదలుపెట్టేముందు ఒకసారి, ముగించాక ఒకసారి వేళ్ళు లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే ముక్కకోసం వెతకాలి.

రోజువారీ సంరక్షణ పెద్ద కష్టమేమీ కాదు. రీలు చివర్లలో చుట్టుకున్న గడ్డినీ దారపుముక్కలనూ తీసివెయ్యాలి. అవి బేరింగులోకి దూరితే గ్రీజును పాడుచేస్తాయి. వేడెక్కిన బేరింగు, దానిపక్కనే ఎండుగడ్డి పొడి, ఈ రెండూ కలిస్తే మంట పుడుతుంది. గ్రీజు పెట్టమన్నచోట, పెట్టమన్నంత పెట్టాలి. గొలుసు వదులైందేమో చూసి బిగించాలి. వేళ్ళ బోల్టులకు పానా వేసి చూడాలి. ఒక్కొక్క కడ్డీని చేత్తో ఆడించి, రోలరు గాడిలో లొడలొడమంటోందేమో చూడాలి. కోతల కాలం ముగిశాక శుభ్రంచేసి, నీడన పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి

ఇందులో ఒక్క పని కూడా యంత్రం తిరుగుతుండగా చెయ్యకూడదు. చెయ్యి పెట్టకపోయినా, ఇరుక్కున్న గడ్డిని కాలితో తోస్తే, ఒక కొస పట్టుకుని లాగితే ఏమవుతుంది అని కొందరు ధైర్యం చేస్తారు. లెక్కవేసి చూడండి. వేళ్ళు గడ్డిని సెకనుకు 2.1 మీటర్ల వేగంతో లోపలికి లాగుతాయి. మీ చేతికీ రీలుకీ మధ్య ఒక మీటరు గడ్డి ఉందనుకుందాం. అర సెకను లోపలే మీ చెయ్యి రీలు దగ్గరుంటుంది. ప్రమాదం కనిపించి, ‘వదిలెయ్యాలి’ అని మెదడు గ్రహించి, వేళ్ళు విప్పేసరికి మనిషికి అర సెకనుకు పైగా పట్టవచ్చు. మన చేతికి విడిచిపెట్టడం తెలుసు. కానీ అంత త్వరగా విడిచిపెట్టడం తెలియదు. ఈ పందెంలో మనిషి గెలవలేడు.

పి.టి.ఓ. ఇరుసు సంగతి ఇంకా భయంకరం. చాలా బేలర్లలో అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. దానిమీద కప్పు లేకపోతే, పంచె కొంగో చున్నీ చివరో తగిలిందంటే ‘అయ్యో’ అనేలోపల చుట్టేస్తుంది.

కాబట్టి వరస ఇది: పి.టి.ఓ. ఆపాలి. ఇంజను ఆపాలి. తాళంచెవి జేబులో వేసుకోవాలి. తిరిగే భాగాలన్నీ పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. బరువైన చక్రమున్న బేలర్లలో ఇంజను ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పికప్‌ను పైకెత్తి ఉంచితే, జారిపడకుండా ఆపు పెట్టాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి. మీ ఇంట్లో బేలరు నడిపేవారుంటే ఈ లెక్క వారికి వేసి చూపించండి. చిన్నపిల్లలు నడుస్తున్న యంత్రం దగ్గరకు పోనేకూడదు.

మీకు కొన్ని ప్రశ్నలు

1. రీలు నిమిషానికి 90 చుట్లు తిరుగుతోంది. కేంద్రం నుంచి వేలి కొస దూరం 25 సెంటీమీటర్లు. ట్రాక్టరు గంటకు 6 కిలోమీటర్ల వేగంతో పోతే గడ్డి ముందు పేరుకుంటుందా?

2. ఐదు కడ్డీల రీలులో చుట్టుకు ఐదు చప్పుళ్ళు వస్తున్నాయి. ముందుగా ఏ భాగాలను పరీక్షిస్తారు?

3. కామ్ గాడి పూర్తి గుండ్రంగా, రీలు కేంద్రమే తన కేంద్రంగా ఉంటే ఏమవుతుంది?

జవాబులు: 1. పేరుకోదు. వేలి కొస వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లు, ట్రాక్టరు వేగం సుమారు 1.7 మీటర్లు. 2. తిరగని భాగాలను, అంటే స్ట్రిప్పర్లను, కామ్ గాడిని. 3. రోలరు చెయ్యి ఎక్కడా వంగదు, వేళ్ళు వాలవు. పట్టు ఉంటుంది, విడుపు ఉండదు. గడ్డి రీలుకు చుట్టుకుంటుంది.